విదేశంలో కొత్తగా స్థిరపడుతున్న మీకు: బెజవాడ, గుంటూరుల్లో ఇల్లు కొనేముందు, అమ్మేముందు

ఇక్కడికి వచ్చి రెండేళ్లు గడిచాయంటే చేతిలో కాస్త డబ్బు నిలుస్తుంది. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి వాట్సాప్‌లో ఫోటోలు మొదలవుతాయి. "ఇన్నర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లోనే అన్నా, నెలాఖరు దాటితే గజం రేటు పెరుగుతుంది, టోకెన్ వేస్తే మీ పేరున ఆపుతా" అంటారు. నేను వచ్చిన మూడో ఏడు అలాగే టోకెన్ వేశాను. గుంటూరు శివార్లో 200 గజాలు. వీడియో కాల్‌లో చూపించింది రోడ్డు వారనున్న ఎత్తు స్థలం. రిజిస్టరైంది దానికి రెండు వరసల వెనక, వాన పడితే నీళ్లు నిలిచే పల్లం. దస్తావేజులో హద్దులు సరిగానే ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని నేల మీద నిలబడి పోల్చి చూసినవాళ్లే లేరు. నా తరఫున నాన్నగారు రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టారు గానీ, ఆయన్ని స్థలం దగ్గరకు ఎవరూ తీసుకెళ్లలేదు. స్థలం చూపించింది, కాగితాలు రాయించింది, డబ్బు అందుకుంది ఒక్క మనిషే.

అందుకే కొత్తగా వచ్చినవాళ్లెవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. కాగితాలు చూసే మనిషి, స్థలం కొలిచే మనిషి, డబ్బు అందుకునే మనిషి వేరువేరుగా ఉండాలి. లాయరును మీరే ఎంచుకోండి, అమ్మేవాళ్లు చూపించిన లాయరు వద్దు. సర్వేయరు వెళ్లినప్పుడు మీ ఇంటివాళ్లు ఒకరు పక్కన ఉండాలి, హద్దు రాళ్ల దగ్గర నుంచి మీకు వీడియో తీసి పంపాలి.

కాగితాల్లో చూడాల్సినవి

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం, ఇక్కడి నుంచే తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. అయితే ఈసీ క్లీన్‌గా ఉందని సంబరపడకండి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, అన్నదమ్ముల తగాదాలు అందులో కనబడవు. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, వరసగా చూపించమనండి. ఒరిజినల్ చూపించమంటే కొందరు కలర్ జిరాక్స్ తెచ్చి పెడతారు, ఇంకొందరు "పోయింది" అంటారు. అసలు దస్తావేజు అప్పటికే ఏ బ్యాంకులోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో ఉండవచ్చు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నకలు తీయించి, ఒరిజినల్‌తో పక్కపక్కన పెట్టి పోల్చమనండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో కూడా చూడాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూములు అందులో ఉంటాయి.

"పంచాయతీ అప్రూవల్ ఉంది సార్" అంటే సరిపోదు. మన ప్రాంతంలో లేఅవుటుకు సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుటు అనుమతి నంబరు, అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో లేఅవుటు వేసినా, 8 ఫ్లాట్లకు మించి కట్టినా ఆ ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) నమోదు కావాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. 'ప్రీ లాంచ్' పేరుతో సగం డబ్బు ముందే కట్టమంటే అక్కడితో మాట ఆపేయండి. అమరావతిలో రైతులకు తిరిగిచ్చిన ప్లాటు కొంటుంటే, అది సీఆర్‌డీఏ నుంచి ఆ రైతు పేరున రిజిస్టరైందో లేదో ముందు తేల్చుకోండి.

శ్రీగంధం తోటలో వాటా, ఫాంహౌస్ స్థలం అని అమ్మేవాళ్లు మన దగ్గరకే ఎక్కువ వస్తారు. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు (విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్న మనవాళ్లు) మన దేశంలో వ్యవసాయ భూమి, ఫాంహౌస్ కొనకూడదు. తాత ముత్తాతల నుంచి వస్తే ఉంచుకోవచ్చు, అంతే.

పాత ఇల్లు కొనేవాళ్లకు ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కొత్త రంగు వేసిన గోడ ఆ సంగతి చెప్పదు. పక్కింటివాళ్లను అడిగితే నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తారు.

పవర్ ఆఫ్ అటార్నీ

మన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం ఇది. నాకు ఎక్కువ భయం ఇక్కడే. "ఒక్క సంతకం పెట్టి పంపు, మిగతాది మేం చూసుకుంటాం" అని బాబాయో బావగారో అంటారు, కాదనలేం. అన్ని పనులకూ అధికారమిచ్చే జనరల్ పవర్ (జీపీఏ) ఇవ్వకండి. ఒక్క ఆస్తికి, ఒక్క పనికి స్పెషల్ పవర్ ఇవ్వండి. సర్వే నంబరు, హద్దులు అందులో రాయించండి. కొనడానికి ఇచ్చిన పవర్‌లో అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఉండకూడదు. అమ్మడానికి ఇచ్చేటప్పుడు డబ్బు మీ ఖాతాకే రావాలని రాయించండి. కాన్సులేట్‌లో గానీ నోటరీ దగ్గర గానీ సంతకం చేసిన పవర్ ఇండియాకు చేరాక 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. పని అయిపోగానే రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించండి. మీరు కొనేటప్పుడు ఎదుటివాళ్లు "జీపీఏ మీద రాసిస్తాం" అంటే ఒప్పుకోకండి. అలా రాసినంత మాత్రాన హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

అమ్మేవాళ్లకు

కొద్దిగా అడ్వాన్సు ఇచ్చి, గడువు రాయని అగ్రిమెంటు తీసుకుని, తర్వాత దాన్ని పట్టుకుని కోర్టుకెక్కేవాళ్లున్నారు. గడువు తేదీ తప్పక రాయండి. చెక్కు చూసి సంతకం పెట్టకండి, డబ్బు మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఐలు తెరిచే బ్యాంకు ఖాతా) పడ్డాకే పెట్టండి. "సగం నగదు" మాటకు ఒప్పుకుంటే ఆ సగానికి రుజువు ఉండదు, పైగా స్థలాల వ్యవహారంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. మీరు ఎన్‌ఆర్‌ఐ అని కొనేవాళ్లకు ముందే చెప్పండి. ఊళ్లోవాళ్లకు కోసినట్టు 1 శాతం టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తే చాలదు. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇల్లయితే 12.5 శాతం, దాని మీద సెస్సు వగైరా కోయాలి. లాభం తక్కువైతే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవచ్చు.

ఇప్పట్లో అమ్మే ఆలోచన లేకపోయినా, ఖాళీ ఇంటికి, స్థలానికి పన్ను మీ పేరునే కడుతూ ఉండండి. ఆరు నెలలకోసారి ఈసీ తీసి చూడండి.

జరగరానిది జరిగితే దాచుకోకండి. టోకెన్ ఆన్‌లైన్‌లో పంపి మోసపోతే వెంటనే మీ బ్యాంకుకు చెప్పండి, ఇంట్లోవాళ్లతో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయించండి. నా సంగతి సెలవులకు వెళ్లి సర్వేయరుతో కొలిపించినప్పుడు బయటపడింది. నాన్నగారు బాధపడతారని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ ఎనిమిది నెలల్లోనే నాకు స్థలం అంటగట్టిన ఆ మనిషి ఆఫీసు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.