డిగ్రీలో ఉండగానే రీసెర్చ్ ఓడ ఎక్కడం ఎలా, ఎక్కాక ఏం చేయాలి

మెరైన్ సైన్స్ అనగానే చాలామందికి డాల్ఫిన్లు, పగడపు దిబ్బలు, డైవింగ్ సూటు గుర్తొస్తాయి. ఆ ఊహతోనే ఎం.ఎస్సీ.లో చేరిపోయి, ఎప్పటికో మొదటిసారి ఓడెక్కి, వాంతులకి బకెట్ పట్టుకుని మూల కూర్చున్నప్పుడు గానీ ఈ పని తమకు పడుతుందా లేదా అని ఆలోచించనివాళ్ళు ఉన్నారు. అందుకే డిగ్రీ పిల్లలు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: పీజీ అప్లికేషన్ నింపేలోపు, ఎంత చిన్నదైనా సరే, సముద్రం మీద ఒక పని చేసి రండి. పెద్ద ఓడే కానక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి బయల్దేరే మరబోటులో పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చినా లెక్కే.

ఓడెక్కితే ముందుగా తెలిసొచ్చేది, ఒక్క అంకె పుట్టడానికి వెనక ఎంత తతంగం ఉంటుందో. బంగాళాఖాతంలో ఫలానా లోతున ఆక్సిజన్ ఇంత అని పుస్తకంలో ఒక గ్రాఫు ఉంటుంది, మనం దాన్ని బట్టీపట్టి పరీక్ష రాసేస్తాం. ఆ గ్రాఫులో ఒక్కో చుక్క కోసం రాత్రి రెండింటికి వించ్ (పరికరాల్ని తాడుతో దించి లాగే యంత్రం) నడిపినవాళ్ళు, సీసా మీద నంబరు రాసినవాళ్ళు, ఆ నంబరు తప్పు పడిందని తెల్లారి గొడవపడ్డవాళ్ళు ఉంటారు. అదంతా దగ్గరుండి చూసినవాళ్ళు తర్వాత ఏ డేటా చేతికొచ్చినా, ఇది ఎలా కొలిచారు, తప్పు ఎక్కడ దొర్లి ఉండొచ్చు అని అడుగుతారు. నా లెక్కలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో బల్లకి అటువైపు ఉన్నవాళ్ళు వెతికేది ఇలా అడిగేవాళ్ళనే, సర్టిఫికెట్లు ఆ తర్వాతి మాట.

డిగ్రీ పిల్లలు ఓడ మీద చేసేది టైంపాస్ అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ. అమెరికాలో వుడ్స్ హోల్ కేంద్రంగా పనిచేసే సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్ అనే సంస్థ 1971లో మొదలైంది, డిగ్రీ విద్యార్థుల్ని తెరచాప ఓడల మీద తీసుకెళ్ళి పరిశోధన చేయించడం వాళ్ళ పని. అట్లాంటిక్‌లో ఆ పిల్లలు రోజూ చేసిన పనుల్లో ఒకటి, సన్నకన్ను వలని నీటి పైపొరలో కొంతదూరం లాగి, పైకి తీసి, చిక్కినదాంట్లోంచి ప్లాస్టిక్ ముక్కల్ని పట్టకారుతో ఏరి లెక్కపెట్టడం. ఎంత విసుగు పనో ఊహించుకోండి. 1986 నుంచి 2008 దాకా అలా 6,100కి పైగా వల లాగుళ్ళు, 64,000కి పైగా ముక్కలు, దాదాపు 7,000 మంది విద్యార్థుల చేతుల మీదుగా. అవన్నీ కలిపి కారా లావెండర్ లా అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2010లో సైన్స్ పత్రికలో పేపర్ వేశారు. ప్రపంచంలో ప్లాస్టిక్ వాడకం అంత పెరిగినా, ముక్కలు ఎక్కువగా పోగుపడే ఆ ప్రాంతంలో మాత్రం 22 ఏళ్ళలో పెరుగుదల స్పష్టంగా కనబడలేదన్నది అందులో తేలిన విషయం, మరి మిగతాదంతా ఎక్కడికి పోతోందన్న ప్రశ్న అక్కణ్ణుంచి ఇంకా గట్టిగా లేచింది. ఆ పిల్లలు ఏళ్ళ తరబడి ఒకే పద్ధతి తప్పకుండా పాటించారు కాబట్టే ఆ లెక్కకి విలువ వచ్చింది.

మన దగ్గర డిగ్రీ వాళ్ళకోసం అలాంటి ఏర్పాటు దాదాపు లేదు, ఇది ముందే తెలుసుకుని దిగితే నిరాశ ఉండదు. మన రీసెర్చ్ ఓడల్లో సాగర్ కన్యని గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఓఆర్, సాగర్ నిధిని చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, సాగర్ సంపదని కొచ్చిలోని సముద్ర జీవవనరుల కేంద్రం సీఎంఎల్‌ఆర్‌ఈ, సింధు సాధనని గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ ఎన్‌ఐఓ చూసుకుంటాయి. వీటిలో బెర్తులు లెక్కపెట్టినన్నే, అవి ప్రాజెక్టు సైంటిస్టులకీ పీహెచ్‌డీ వాళ్ళకీ పోతాయి. కాకపోతే ఎవరికో జ్వరం వస్తుంది, ఇంకెవరికో ఇంట్లో పెళ్ళి, ఆఖరి నిమిషంలో ఒక బెర్తు ఖాళీ పడుతుంది. అప్పుడు ల్యాబ్‌లో అప్పటికే సీసాలు కడుగుతూ, టైట్రేషన్ చేస్తూ కనబడే విద్యార్థి గుర్తొస్తాడు గానీ, బయటినుంచి మెయిల్ పెట్టిన అపరిచితుడు గుర్తురాడు. కాబట్టి ముందు ల్యాబ్‌లో కాలు పెట్టాలి, ఓడ తర్వాత.

ల్యాబ్‌లోకి దారులు ఇవి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి డిగ్రీ వాళ్ళు కూడా పెట్టుకోవచ్చు, వేసవి పనికి అప్లికేషన్ ముందు ఏడాది చివర్లోనే అడుగుతారు కాబట్టి దసరా అయిన దగ్గర్నుంచీ ఒక కన్నేసి ఉంచండి. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసేంటని నవ్వకండి, సునామీ హెచ్చరికలూ మత్స్యకారులకి చేపలు దొరికే చోట్ల సమాచారమూ బయల్దేరేది అక్కణ్ణుంచే. విశాఖలో ఎన్‌ఐఓ, సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రాలున్నాయి, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా బేస్ ఉంది. ముత్తుకూరు లాంటి చోట్ల ఫిషరీస్ చదివేవాళ్ళు కోర్సులో భాగమైన ట్రైనింగ్‌లో ఓడ మీద పని దొరుకుతుందేమో మీ ప్రొఫెసర్లని ఒకటికి రెండుసార్లు అడగండి, అడిగినవాళ్ళకే దొరికే రకం ఇది. ఇంటర్ అయిపోయి ఇంకా ఏ డిగ్రీ అని తేల్చుకోనివాళ్ళయితే, కొచ్చిలో సిఫ్నెట్ అనే కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ నడిపే బి.ఎఫ్.ఎస్సీ. నాటికల్ సైన్స్ చూడండి, అందులో సముద్రం మీద శిక్షణ చదువులోనే ఉంటుంది.

ఇక ల్యాబ్ సైంటిస్టుకి పెట్టే మెయిల్. సముద్రమంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి అని మొదలెట్టకండి, ఆ వాక్యం ఆ సార్ ఇప్పటికే వందలసార్లు చదివి ఉంటారు. దానికి బదులు ఇలా చేయండి. ఆర్గో ఫ్లోట్లు అని సముద్రాల్లో వదిలిన యంత్రాలున్నాయి, ప్రపంచం మొత్తం మీద దాదాపు 4,000. సుమారు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి శాటిలైట్‌కి పంపుతాయి, ఆ డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. బంగాళాఖాతం ఉత్తర భాగంలో తిరిగిన ఒక ఫ్లోట్ తీసుకోండి, ఓషన్ డేటా వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏడాది ఉప్పదనం గీయండి. వానాకాలం తర్వాత పైన పల్చటి మంచినీటి పొర కనబడుతుంది, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసిన నీళ్ళ ప్రభావం అది. ఆ గ్రాఫు జతచేసి, సార్ రాసిన ఒక పేపర్ నిజంగా చదివి అందులో అర్థంకాని ఒక్క ప్రశ్న అడిగి, ఏ నెలల్లో ఖాళీగా ఉంటారో రాసి, ముగించండి. పది లైన్లు చాలు. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్ళీ ఒకసారి పంపండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి పంపండి, అహానికి పోవద్దు.

ఓడ కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దని కూడా చెప్పాలి. విశాఖలో ఓషనోగ్రఫీ మొదలైందే సొంత ఓడ లేకుండా. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి పాఠం చెప్పడానికొచ్చి, నేవీ ఓడల సాయంతో విద్యార్థుల్ని వెంటబెట్టుకుని తీరంలో కొలతలు తీశారు. మన తీరం ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకి ఆంధ్రా, మహదేవన్, కృష్ణా అని పేర్లు పెట్టిందీ ఆయనే, ఆ మహదేవన్ అప్పట్లో యూనివర్సిటీలో జియాలజీ ప్రొఫెసర్. మీకు నేవీ ఓడ దొరక్కపోవచ్చు గానీ మరబోటు దొరుకుతుంది. మీ లెక్చరర్‌ని ఒప్పించి, ఓనర్‌తో మాట్లాడి డీజిల్ ఖర్చు పంచుకుని, తీరం నుంచి లోపలికి మూడు నాలుగు చోట్ల, నెలకోసారి ఉష్ణోగ్రత, ఉప్పదనం, సెక్కీ డిస్క్ (నీళ్ళలో ఎంత లోతుదాకా కనబడుతుందో చూసే పళ్ళెం) లోతు, ఒక ప్లాంక్టన్ (నీళ్ళలో కొట్టుకుపోయే చిన్న జీవులు) వల. ఏడాది పాటు అదే చోట్ల, అదే పద్ధతిలో చేస్తే అది చిన్న డేటాసెట్. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, ఆ రెండు నెలలకి వేరే ఏర్పాటు ముందే చూసుకోండి. లైఫ్ జాకెట్, వాతావరణం చూసుకోవడం, కాలేజీ రాతపూర్వక అనుమతి, ఈ మూడింట్లో ఏది లేకపోయినా వెళ్ళొద్దు.

సరే, బెర్తు దొరికిందనుకుందాం. మెడికల్ ఫిట్‌నెస్, గుర్తింపు కార్డులు, కాలేజీ ఎన్‌ఓసీ లాంటి కాగితాలు పిలుపు రాగానే మొదలెట్టండి, క్రూయిజ్ (ఓడ ప్రయాణం) తేదీలు ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటాయి. అమ్మాయిలైతే క్యాబిన్ ఎవరితో, ఓడలో ఇంకెందరు ఆడవాళ్ళున్నారు, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి అని మొహమాటం లేకుండా ముందే అడగండి. ఇంట్లోవాళ్ళు వద్దంటే, ఎన్‌ఐఓలో పనిచేసిన అదితి పంత్ 1983లోనే అంటార్కిటికా యాత్రకి వెళ్ళారని చెప్పి చూడండి, ఒక్కోసారి పనిచేస్తుంది.

వాంతుల గురించి టెన్షన్ పడకండి, చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి, మొదలయ్యాక మింగితే నిలవదు. ఏ మాత్ర అన్నది డాక్టర్ని అడగండి, కొన్నింటికి విపరీతమైన నిద్ర వస్తుంది. ఖాళీ కడుపుతో ఉండొద్దు, బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి, ఫోన్ పక్కన పడేసి డెక్ మీదికొచ్చి దిగంతం వైపు చూడండి.

పనిలో అసలు పాఠం సీటీడీ (లోతు, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే పరికరం) పైకొచ్చినప్పుడు మొదలవుతుంది. రకరకాల లోతుల్లో మూసుకున్న సీసాలు ఒక చట్రంలో వరసగా వస్తాయి, అందరూ గుమిగూడతారు, అయినా నీళ్ళు పట్టడానికి ఒక వరుస ఉంది. వాయువులు కొలిచేవాళ్ళకి ముందు. మామూలు క్రూయిజ్‌లో ఆక్సిజన్ మొదట, తర్వాత కార్బన్, ఆ తర్వాత పోషకాలు, ఉప్పదనం చివరి వైపు. సీసాలో నీళ్ళు తగ్గేకొద్దీ పైనుంచి గాలి చేరి, లోపలి నీళ్ళలోని వాయువుల లెక్క మారిపోతుంది, ఉప్పదనానికి ఆ భయం తక్కువ. ఆక్సిజన్ సీసా నింపేటప్పుడు గొట్టం అడుగుదాకా పెట్టి, ఒక్క బుడగ కూడా రాకుండా, పొంగి పొర్లేదాకా పట్టాలి. తర్వాత రెండు రసాయనాలు వేసి మూతపెట్టి ఊపితే మడ్డి దిగుతుంది. పైపొర నీళ్ళకి మడ్డి ముదురు గోధుమరంగు, ఆక్సిజన్ బాగా ఉందని అర్థం. బంగాళాఖాతంలో రెండు వందల మీటర్ల కింది సీసాకి అదే మడ్డి పాలిపోయి దాదాపు తెల్లగా ఉంటుంది. ఆక్సిజన్ మినిమం జోన్ (ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే పొర) అని పుస్తకంలో చదివినది అలా చేతిలో పట్టుకుని చూశాక ఇక మర్చిపోవడం ఉండదు. కెమిస్ట్రీ పిల్లలు ఓషనోగ్రఫీ వైపు తిరిగిపోయేది ఇలాంటి సీసాల దగ్గరే అని నా అనుమానం.

లాగ్‌బుక్ పెన్సిల్‌తో రాయండి, తడిస్తే పెన్ను ఇంకు చెదిరిపోతుంది. టైము ఐఎస్‌టీనా (మన దేశపు టైము), యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక టైము) అన్నది ప్రతి పేజీ మీదా రాయాలి, అయిదున్నర గంటల తేడా ఒక స్టేషన్‌ని రాత్రి నుంచి పగటికి మార్చేస్తుంది. మీ వాచ్ (డ్యూటీ వంతు)లో పని లేకపోతే పక్కవాళ్ళ పని చూడండి, డెక్ పనులు చూసే బోసన్‌ని వించ్ గురించి అడగండి. సముద్రం మీద ముప్ఫై ఏళ్ళు గడిపినవాళ్ళకి తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కీ తెలియదు, అడిగితే సంతోషంగా చెబుతారు. అన్నిటికంటే ముఖ్యం, బయల్దేరేముందే చీఫ్ సైంటిస్ట్‌నో మీ గైడ్‌నో అడిగి ఒక చిన్న కొలత మీ పేరు మీద పెట్టించుకోండి. క్లోరోఫిల్ ఫిల్టర్లు కావచ్చు, సెక్కీ డిస్క్ కావచ్చు. అందరికీ అన్నిట్లో సాయం చేసి వస్తే చేతిలో ఏమీ మిగలదు.

దిగొచ్చాక కొందరికి ఓడ జీవితం వద్దని తేలుతుంది. ఫర్వాలేదు. మోడలింగ్, శాటిలైట్ డేటా పనిలో ఏళ్ళ తరబడి ఒడ్డునే ఉండొచ్చు, కాకపోతే డేటాలో ఎక్కడ అనుమానపడాలో మీకు తెలిసి ఉంటుంది. నచ్చినవాళ్ళకి దారులు చాలా: సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపర్, జీఎస్‌ఐ (భూగర్భ సర్వే సంస్థ) సముద్ర సర్వే విభాగం, సముద్రం అడుగుని కొలిచే హైడ్రోగ్రాఫిక్ సర్వే కంపెనీలు, కేజీ బేసిన్‌లో ఆఫ్‌షోర్ పనులు. 2021లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో ముగ్గుర్ని 6,000 మీటర్ల లోతుకి పంపేందుకు మత్స్య 6000 అనే లోతు నీటి వాహనం తయారవుతోంది, ఆ చుట్టూ ఇంజనీరింగ్ వాళ్ళకీ పని ఉంటుంది.

చివరిగా, వచ్చిన వారంలోనే డేటాకి రెండు కాపీలు తీసి, ఏ కాలమ్ ఏమిటో, ఏ స్టేషన్‌లో ఏం తేడా జరిగిందో ఒక పేజీ రాసి గైడ్‌కి పంపండి. డేటా ప్రాజెక్టుది, మీరు వాడుకోవాలన్నా ఎక్కడైనా చూపించాలన్నా అడిగే చేయాలి. రికమండేషన్ లెటర్ ఆర్నెల్ల తర్వాత కాకుండా నెలలోపే అడగండి, ఫలానా స్టేషన్లలో ఆక్సిజన్ టైట్రేషన్ నేనే చేశాను, ఫలానా రోజు బ్లాంక్ విలువ (శాంపిల్ లేకుండా చేసే కొలత) తేడాగా ఉందని నేనే పట్టుకున్నాను అని రెండు లైన్లు గుర్తుచేస్తూ. లేకపోతే ఆయన కూడా హార్డ్‌వర్కింగ్, సిన్సియర్ అని రాసి సంతకం పెట్టేస్తారు.