లాన్ మెయింటెనెన్స్ పనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఫీజు లేదు, చిక్కంతా ఒక్క పేజీ దగ్గరే

ఒక బ్రష్ కట్టర్, ఒక లాన్ మూవర్, ఇద్దరు మనుషులతో అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో గడ్డి కోసే పని మొదలుపెట్టి, అది కాస్త నిలదొక్కుకునే సరికి ఎవరో ఒకరు ‘ఎంఎస్ఎంఈ సర్టిఫికెట్ ఉందా’ అని అడుగుతారు. అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు చెప్పే కాగితం, ఆ నమోదు పేరే ఉద్యమ్. లోన్ ఇచ్చే బ్యాంకు కావచ్చు, టెండర్ పిలిచిన ఆఫీసు కావచ్చు. వెంటనే నెట్ సెంటర్‌కి వెళ్లడం, వెయ్యో రెండు వేలో సమర్పించుకోవడం, చేతికొచ్చిన కాగితం మడతపెట్టి ఫైల్లో పెట్టేయడం. అందులో తమ పని సరిగ్గా రాసి ఉందో లేదో చూసేవాళ్లు తక్కువ. అవసరం పడ్డ రోజున చూస్తే ఉండదు. ఆ గొడవ లేకుండా మీ అంతట మీరే ఎలా చేసుకోవచ్చో చెబుతాను.

ముందు డబ్బు సంగతి. దీనికి ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. ఇలాంటి నమోదుకే పాతరోజుల్లో ఉన్న ఉద్యోగ్ ఆధార్ స్థానంలో 2020 జులై 1 నుంచి ఉద్యమ్ వచ్చింది, అధికారిక సైట్ ఒక్కటే, ఉద్యమ్‌రిజిస్ట్రేషన్ డాట్ గవ్ డాట్ ఇన్. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైట్లలా కనిపించే ప్రైవేటు సైట్లు బోలెడు తగులుతాయి. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే మూసేయండి. పేమెంట్ పేజీ వచ్చిందంటే మీరు తప్పు గుమ్మం తొక్కినట్టే.

కావలసినవి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు. ఏ కాగితమూ అప్‌లోడ్ చేయక్కర్లేదు, అంతా మన స్వీయ ప్రకటన మీదే నడుస్తుంది. ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ మాత్రం దగ్గర ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఆ నంబరు ఎప్పుడో పోయి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో కొత్తది ఎక్కించుకున్నాకే ఇటు రండి. జీఎస్టీ గురించి చాలామందికి అనవసరమైన టెన్షన్. మనది సేవ కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది లేకపోయినా ఉద్యమ్ వస్తుంది. ‘ముందు జీఎస్టీ తీయాలి, అదో మూడు వేలు’ అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

పేరు దగ్గర చిన్న జాగ్రత్త. మనవాళ్లకి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉండటం మామూలే. ఆధార్ పేజీలో ఆధార్‌లో ఉన్నట్టు, పాన్ పేజీలో పాన్‌లో ఉన్నట్టు, అక్షరం తేడా లేకుండా కొట్టండి. అసలు ఆ రెండూ లింక్ కాకుండా ఉంటే పాన్ పనిచేయని స్థితిలో ఉందేమో ముందు చూసుకోండి.

చిరునామా, పని మొదలుపెట్టిన తేదీ, బ్యాంకు ఖాతా, ఇవన్నీ చకచకా అయిపోతాయి. ఆ తర్వాత వస్తుంది అసలు పేజీ. ‘మేజర్ యాక్టివిటీ’ అని అడుగుతుంది, తయారీనా, సేవలా అని. సేవలు అనగానే దాని కింద ట్రేడింగా, నాన్ ట్రేడింగా అని ఇంకో ప్రశ్న. గడ్డి కోసేవాడికి ఇక్కడ అనుమానం రావడం సహజం, ఎందుకంటే అప్పుడప్పుడూ మొక్కలూ తెచ్చి వేస్తాం, ఎరువూ మనమే కొని బిల్లులో కలుపుతాం. నెట్ సెంటర్ కుర్రాడు ‘మొక్కలు అమ్ముతారా అన్నా?’ అంటాడు, మనం ‘ఆఁ, అదీ చేస్తాం’ అంటాం, అతను ట్రేడింగ్ మీద నొక్కేస్తాడు. అతని తప్పు కూడా కాదు, రోజుకి వంద రకాల ఫారాలు నింపుతాడు పాపం. కానీ ట్రేడింగ్ అని పడితే, ప్రాధాన్య రంగ రుణాల వరకు మాత్రమే అని ఆ సర్టిఫికెట్ మీదే రాసి వస్తుంది, అంటే బ్యాంకు లోన్ల దగ్గర తప్ప మిగతా చోట్ల పనికిరాదు. మీరు పెట్టాల్సింది సేవలు, నాన్ ట్రేడింగ్.

వెంటనే ఎన్ఐసీ కోడ్, అంటే ఏ వ్యాపారం ఏ రకమో చెప్పే ప్రభుత్వ అంకె. మీ పనికి సరిపోయేది 81300, అంటే పార్కులు, తోటలు, లాన్ల సంరక్షణ సేవలు. రెండంకెల దగ్గర 81, నాలుగంకెల దగ్గర 8130, చివర 81300 ఎంచుకోండి. దీని చుట్టుపక్కల కోడ్‌లే మనల్ని పక్కదారి పట్టిస్తాయి. నర్సరీ పెట్టి మొక్కలు పెంచడం, కార్పెట్ గడ్డి పెంచి అమ్మడం 013 కిందికి, అంటే వ్యవసాయంలోకి పోతాయి. తోట డిజైన్ గీసిచ్చే ఆర్కిటెక్ట్ పని 7110. ఫ్లోర్లు తుడిచే హౌస్‌కీపింగ్ 812. బొటానికల్ గార్డెన్లు, జూలు నడిపేవాళ్లది 91. గార్డెన్ అన్న మాట కనబడింది కదా అని నొక్కేయకండి. నిజంగానే పక్కన మొక్కల షాపు కూడా ఉంటే దాన్ని రెండో కార్యకలాపంగా చేర్చుకోవచ్చు, ఒకటికి మించి కోడ్‌లు పెట్టనిస్తారు. ప్రధాన పని మాత్రం సేవగానే ఉండనివ్వండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ తప్పు పెట్టినా సైట్ ఏమీ అనదు. సర్టిఫికెట్ చక్కగా వచ్చేస్తుంది. దెబ్బ తర్వాత తగులుతుంది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థల టెండర్లలో సూక్ష్మ, చిన్న సంస్థలకి ఈఎండీ, అంటే టెండర్‌తో పాటు కట్టే డిపాజిట్, కట్టకుండా మినహాయింపు ఉంది, 2012 నాటి కొనుగోళ్ల విధానం కింద. అది సరుకు తయారుచేసేవాళ్లకీ, సేవ చేసేవాళ్లకీ మాత్రమే, ట్రేడర్లకి లేదు. ఇంకోటి, నా లెక్కలో ఇదే పెద్దది: 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం పని చేయించుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులోని గడువులో, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో డబ్బులివ్వాలి. ఇవ్వకపోతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్ల లెక్కన, నెలనెలా కలిసే చక్రవడ్డీ. ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ ఆరు నెలల బిల్లు నాన్చే క్లయింట్ల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టేది ఈ చట్టం కిందే. అక్కడ మొదట చూసేది మీ ఉద్యమ్ నంబరు, అందులోని పని, తీసుకున్న తేదీ. అందుకే కాంట్రాక్టు మొదలవక ముందే రిజిస్ట్రేషన్ తీసుకోండి, బిల్లు ఆగిపోయాక తీసుకుంటే అవతలివాళ్లు ముందుగా పట్టుకునే పాయింటు అదే.

మిగతాది తేలిక. మనుషుల సంఖ్య ఉన్నది ఉన్నట్టు వేయండి. మెషిన్ల విలువ, టర్నోవర్ దగ్గర ఎక్కువ చూపిస్తే లోన్ ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్లని నమ్మొద్దు, ఐటీ రిటర్నులు వేస్తున్నవాళ్లకి ఆ అంకెలు అక్కణ్నుంచే వస్తాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లలోపు ఉంటే సూక్ష్మ సంస్థే, మనం ఎలాగూ అందులోనే ఉంటాం. చివర్లో జిల్లా పరిశ్రమల కేంద్రం ఎంచుకుని, ఇంకో ఓటీపీ కొడితే పని అయిపోయినట్టే.

సర్టిఫికెట్ దిగగానే కింద ఎన్ఐసీ కోడ్‌ల పట్టిక ఉంటుంది, అది చదవండి. 81300 కనిపించాలి, పక్కన సేవలు అని ఉండాలి. ఇప్పటికే ఎవరితోనో తీయించుకుని అందులో ఇంకేదో ఉంటే కంగారుపడకండి, కొత్తది తీయొద్దు, ఒక సంస్థకి ఒక్క రిజిస్ట్రేషనే ఉండాలి. అదే సైట్‌లో అప్‌డేట్ అనే ఆప్షన్ ఉంది, ఉద్యమ్ నంబరు, ఓటీపీతో లోపలికెళ్లి మార్చుకోవచ్చు, అదీ ఉచితమే. ఓటీపీ ఏ ఫోన్‌కి పోతోందో మాత్రం చూడండి, కొందరు ఏజెంట్లు మీ నంబరు బదులు వాళ్లది పెట్టేస్తారు. చేతకాకపోతే ఆధార్, పాన్, ఫోన్ పట్టుకుని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి, సాయం చేయడం వాళ్ల బాధ్యతల్లో ఒకటి.

నంబరు వచ్చాక కొన్నాళ్లకి ‘మీ ఉద్యమ్ ఎక్స్‌పైర్ అయింది, రెన్యూవల్ ఫీజు కట్టండి’ అని ఫోన్లు రావచ్చు. ఉద్యమ్‌కి రెన్యూవల్ అనేదే లేదు, ఫోన్ పెట్టేయండి.