పెన్నీ మీద అక్షరం రెండుగా కనిపిస్తే

తెనాలిలో 38 ఏళ్లు వాచీలు బాగుచేశాను. ఇప్పుడు ఆరు నెలలకని డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. పగలంతా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. అలవాటు కొద్దీ సూట్‌కేసులో పడేసుకొచ్చిన ఐ గ్లాస్, అంటే వాచీలు చూడ్డానికి కంటికి పెట్టుకునే లెన్సు ఉంది. బ్యాంకులో అర డాలరిస్తే 50 పెన్నీల (ఒక సెంటు నాణేల) రోల్ ఇచ్చారు. ఇంకేం కావాలి?

ఈ పెన్నీల్లో డబుల్ డై, అంటే అచ్చులోనే బొమ్మ రెండుగా పడ్డ రకానికి మంచి ధర పలుకుతుంది. అన్నిట్లోకీ పేరున్నది 1955 నాటిది. ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన ఆ నాణేల్లో 20 వేల పైచిలుకు జనంలోకి వెళ్లిపోయాయి. సంవత్సరం, లిబర్టీ అన్న మాట, పైన ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ అన్నీ రెండేసి. లెన్సు కూడా అక్కర్లేదు. అది నాకు రోల్‌లో దొరుకుతుందనుకునేంత అమాయకుణ్ణి కాదు. దొరికేవి చిన్నవి, పైగా రెండుగా కనిపించేవాటిలో చాలావరకు ఉత్తుత్తివే. అందుకే తేడా పట్టుకోవడం ముందు నేర్చుకోవాలి.

నాణెం కొట్టే అచ్చుని, అంటే డైని, హబ్ అనే గట్టి ఉక్కు ముక్కతో నొక్కి తయారుచేస్తారు. పాత పద్ధతిలో ఒక్క నొక్కుకి బొమ్మ పూర్తిగా దిగేది కాదు. నొక్కితే ఉక్కు బిగుసుకుపోతుంది, దాన్ని కాల్చి మెత్తబరిచి మళ్లీ నొక్కేవారు. ఆ రెండోసారి వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, బొమ్మ డైలోనే రెండుసార్లు పడిపోతుంది. అదే అసలైన డబుల్ డై. అలా కాకుండా డై బాగానే ఉండి, నాణెం మీద దెబ్బ పడ్డాక ఆ డై కాస్త వదులై అదిరితే, అప్పుడే తేలిన అక్షరాన్ని పక్కకి గీరేస్తుంది. దీన్ని మెషిన్ డబ్లింగ్ అంటారు. దీనికి విలువ లేదు.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చెక్క అచ్చులోనే రేకు రెండుసార్లు చెక్కి ఉంటే తాను పొడవునా ప్రతి పువ్వుకీ అదే జంట రేకు. అద్దేవాడి చెయ్యి అదిరితే చెదిరేది ఆ ఒక్క పువ్వే. అందుకే అసలైన డబుల్ డైకి పోల్చి చూసుకునే ఫొటోలు ఉంటాయి, ఒకే డై నుంచి వచ్చినవన్నీ ఒకేలా ఉంటాయి. మీ నాణెం వాటిలో ఒకదానితో గీతకి గీత సరిపోవాలి.

ఇక చూసే పద్ధతి. టేబుల్ లైటు ఒక్కటే ఉంచి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టండి. నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా తిప్పండి. పది రెట్లు చూపించే లెన్సు చాలు. ముందు అక్షరం లావు చూడండి. డబుల్ డైలో అక్షరం మామూలు కంటే లావెక్కుతుంది, రెండో గీత కూడా మొదటిదానిలాగే గుండ్రంగా, పొంగి ఉంటుంది. అక్షరం కొసల్లో, గీతలు విడిపోయే చోట, పాము నాలుకలా చీలిక కనిపిస్తుంది. మెషిన్ డబ్లింగ్‌లో అక్షరం సన్నబడుతుంది. పక్కన చదునుగా, అరుగులా, తళతళా మెరిసే మెట్టు ఉంటుంది. అది అక్షరంలోంచి కోసుకున్న లోహమే కదా మరి.

ఇది తెలియకే నేను ఒక రాత్రి నిద్ర పాడుచేసుకున్నాను. 1969 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల పెన్నీ దొరికింది, సంవత్సరం రెండుగా ఉంది. ఆ ఏడాది అసలైనవి మరీ అరుదు. మొదట్లో బయటపడ్డ కొన్నిటిని దొంగనాణేలనుకుని ప్రభుత్వం వాళ్లే పట్టుకెళ్లారట. కోడలు “మామయ్యగారూ, కారు కొనేస్తారా ఏంటి?” అని నవ్వింది. పొద్దున్నే మళ్లీ లెన్సు పెట్టి చూస్తే సంవత్సరం కింద శాన్‌ఫ్రాన్సిస్కోని సూచించే ‘ఎస్’ గుర్తు కూడా అంతే జరిగి ఉంది. అక్కడే గుట్టు రట్టయింది. పెన్నీల మీద టంకశాల గుర్తుని 1989 దాకా డై తయారయ్యాక విడిగా, చేత్తో గుద్దేవారు. హబ్ జరగడం వల్ల వచ్చిన జంట అయితే ఆ గుర్తుకి అంటదు. సంవత్సరంతోపాటు గుర్తు కూడా ఒకే వైపుకి జరిగిందంటే అది మెషిన్ పనే. ఈ ఒక్క పరీక్షతో సగం పెన్నీలు పక్కకి పోతాయి. ఫిలడెల్ఫియా పెన్నీలకి మామూలుగా గుర్తే ఉండదు కాబట్టి వాటికి ఇది పనికిరాదు.

మోసం చేసేవి ఇంకో రెండున్నాయి. డై అరిగిపోతే అక్షరాల చుట్టూ మసక నీడలా వస్తుంది. 1955లోనే చివరి 5 పక్కన అలాంటి నీడ ఉన్నవి బోలెడు, వాటిని ‘పేదవాడి డబుల్ డై’ అంటారు. ఇంకోటి, 1982లో పద్ధతి మారాక పెన్నీలు లోపల జింకు, పైన పల్చటి రాగి పూత. అక్షరం పక్కన ఆ పూత చిట్లితే నీలం బూడిద రంగు గీత కనిపిస్తుంది. దాన్ని చూసి జంట అనుకోకండి.

ఏ సంవత్సరాలు చూడాలంటే 1972, 1995 ముందువైపు. 1983 వెనకవైపు, అక్కడ అక్షరాలన్నీ జంటే. 1984లో పెన్నీ మీది లింకన్ బొమ్మ చెవి కింద ఇంకో తమ్మె ఉంటుంది, నాకు అదంటే మహా ఇష్టం. తర్వాత్తర్వాత ఒకే నొక్కుకి డై తయారుచేసే పద్ధతి వచ్చింది కాబట్టి, కొత్తవాటిలో జంట ఉన్నా చిన్నదే, ఎక్కువగా మధ్యభాగంలో. 2009లో కుర్ర లింకన్ దుంగ మీద కూర్చుని పుస్తకం చదివే బొమ్మ ఉంది కదా, అందులో పుస్తకం మీది వేళ్లు ఎక్కువున్నాయేమో లెక్కపెట్టండి.

ఏం దొరికినా తోమకండి. చింతపండు పెట్టి తళతళలాడిస్తే ఉన్న ధర కూడా పోతుంది.

ఇప్పటికి 31 రోల్స్ అయ్యాయి. ఒక 1983 మీద అనుమానంగా ఉంది. వెనక ‘వన్ సెంట్’ కాస్త లావుగానే ఉంది కానీ, చీలిక కనిపించడం లేదు. ఎండ వచ్చాక కిటికీ దగ్గర మళ్లీ చూడాలి.