800 పేజీల డ్రాగన్ నవల మధ్యలో వదిలేయకుండా చదవాలంటే

సమాంతా షానన్ 2019లో తెచ్చిన ‘ది ప్రయరీ ఆఫ్ ది ఆరెంజ్ ట్రీ’ 800 పేజీలు దాటుతుంది. మధ్యలో ఆగిపోయేలా చేసేది కథ కాదు, పేర్లు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొంటుంటే ముందు చివరి పేజీలు తిప్పండి. పాత్రల జాబితా, పదకోశం, కాలక్రమం అక్కడుంటాయి. అవి చిరిగిపోయిన కాపీ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ప్రతి అధ్యాయం తలమీద తూర్పు, పడమర అంటూ చోటు రాసుంటుంది. దాన్ని దాటేస్తే తికమక ఖాయం. తూర్పున టానే, డ్రాగన్ రౌతు కావాలని కసరత్తు చేసే పిల్ల. పడమట రాణి సబ్రాన్ కొలువులో రహస్యంగా కాపలా కాసే ఈడ్. తూర్పు డ్రాగన్లు నీటివి, వాటికి మొక్కుతారు. పడమటి వాళ్లకు తెలిసినవి నిప్పు కక్కేవి, అందుకే డ్రాగనంటేనే హడల్. గొడవంతా ఇక్కడే ఉంది.

ఒక కాగితం మడిచి నాలుగు గళ్లు గీయండి, కథ నడిపే నలుగురికీ ఒక్కోటి: టానే, ఈడ్, రాణి స్నేహితుడు లోత్, తూర్పున ప్రవాసంలో ఉన్న రసవాది నిక్లేస్. అధ్యాయం అయ్యాక ఒక్క వాక్యం, అంతే. అదే బుక్‌మార్క్.

రోజుకు పాతిక పేజీలు చొప్పున నెల పైచిలుకు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ మెట్రోలో నిలబడి ఈ ఇటుకను మోయలేరు; ఫోన్‌లో ఈ-బుక్ నయం, మ్యాపు మాత్రం ఫొటో తీసి పెట్టుకోండి. వారం గ్యాపొస్తే మొదటికి పోవద్దు, ఆ పాత్ర కిందటి అధ్యాయం చూస్తే చాలు.