మూడు తరాలకు ఒకే పెన్‌డ్రైవ్: పాటల కూర్పు ఎలా చేయాలి

ఇంట్లో అవ్వకు భానుమతి, నాన్నకు ఇళయరాజా, పిల్లలకు నిన్నమొన్నటి ర్యాప్. ఎవరి పాటలు వాళ్ల ఫోన్లలో, ఎవరి చెవుల్లో వాళ్ల ఇయర్‌ఫోన్లు. అన్నిటినీ ఒకచోట చేరుద్దామని నాలుగు వందల పాటలు ఒకే ఫోల్డర్లో కుమ్మరించి ఇస్తే ఒక్కరూ వినరు. మొదటి నచ్చని పాటకే చెయ్యి బటన్ మీదికి పోతుంది, ఆ తర్వాత ఇక ఆగదు. తెలియని పాట చెవికెక్కాలంటే దాని ముందు తెలిసిన పాట ఒకటి ఉండాలి. ఆ రెంటికీ వినగానే తట్టే చుట్టరికం ఉండాలి. కూర్పులో అసలు పని ఆ చుట్టరికం కలపడమే. మిగతాదంతా వైర్లు, ఫైళ్లు.

ముందు లెక్క చూసుకోండి. ఇంట్లో కూర్చుని వినడానికి పన్నెండు పాటలు చాలు. పాటకు నాలుగున్నర నిమిషాల చొప్పున 54 నిమిషాలు, మధ్యలో మాటలతో కలిపి గంటంబావు. నెల్లూరు నుంచి ఒంగోలుకు కారులో పోతూ వినేదైతే రెండు గంటల పైమాటే కాబట్టి ముప్పై పాటలు సరిపోతాయి. ఫోన్లో పంపేదైతే రోజుకొకటి, అంతే.

చుట్టరికం కలిపే దారులు

అన్నిటికన్నా తేలికైనది రాసినవారి దారి. ఆత్రేయ 1921లో సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టారు. ఆయన కలం రెండు తరాల గొంతులకు పనిచేసింది. 1964 నాటి ‘మూగమనసులు’ నుంచి ఘంటసాల పాట ఒకటి, దాని వెంటనే 1978 నాటి ‘మరో చరిత్ర’ నుంచి బాలసుబ్రహ్మణ్యం పాట ఒకటి పెట్టండి. సంగీత దర్శకులు వేరు, గొంతు వేరు, కాలం వేరు. అయినా చిన్న మాటలతో గుండెను మెలిపెట్టే ఆ పద్ధతి ఒక్కటే. నెల్లూరులో బాలు ఇంటి పాట ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు కాబట్టి, పిల్లలకు ఘంటసాలను వినిపించాలంటే ఈ వరసను తిరగేసి, బాలు పాట ముందు పెట్టాలి. ఎవరికి ఏది తెలుసో అదే ముందు.

రెండోది రాగం దారి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మోహన రాగం. త్యాగరాజు ‘ననుపాలింప నడచి వచ్చితివో’ కూడా మోహనమే. సినిమా పాట ముందు, కృతి తర్వాత రావాలి. రాగం పేరు ముందే చెప్పకండి. చెబితే వినేవాళ్లు పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుంటారు. రెండూ అయ్యాక “ఈ రెంటికీ ఏమన్నా పోలిక ఉందా?” అని అడిగితే సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా ఉందంటారు. ఇక్కడ చెడగొట్టేది నిడివి. కచేరీలో ఆలాపన, కల్పనస్వరాలతో ఒకే కృతి ఇరవై నిమిషాలు సాగుతుంది. మొదటిసారికి ఐదు నుంచి ఏడు నిమిషాల్లో ముగిసే రికార్డింగు వెతకండి. నచ్చినవాళ్లు పెద్దది వాళ్లే అడుగుతారు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ పూర్వీకుల ఊరు మన కంభం దగ్గరి కాకర్లేనని చెబుతారు. ఈ మాట చెప్పి వేస్తే మార్కాపురం వైపు వాళ్లు మరింత శ్రద్ధగా వింటారు.

మూడోది సందర్భం దారి. బండి మీద పాడేవి, పెళ్లి పాటలు, జోలపాటలు, గొబ్బి పాటలు ఇలా. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో ఘంటసాల, భానుమతి పాడిన ‘పరుగులు తీయాలి గిత్తలు ఉరకలు వేయాలి’ తీసుకోండి. భానుమతి పుట్టింది ఒంగోలు దగ్గరి దొడ్డవరం. ఒంగోలు గిత్తల సీమలో ఆ పాటకు చెవులు నిక్కబొడుచుకోని పెద్దవాళ్లు ఉండరు. దాని పక్కన ఇప్పటి ప్రయాణపు పాట ఏదైనా నిలుస్తుంది.

నాలుగోది వాద్యం దారి: ఒక పాటలో వీణ, తర్వాతి పాటలో కూడా వీణ. ఇది వినడానికి బాగుంటుంది గానీ పట్టు తక్కువ, వరసగా రెండు సార్లకు మించి వాడొద్దు.

పౌరాణిక నాటక పద్యాలు వేరే కథ. హార్మోనియం రాగంతో మొదలై నిమిషాల తరబడి సాగే పద్యాన్ని సన్నివేశం తెలియని పిల్లవాడికి వేస్తే అరుపులా వినిపిస్తుంది. ఎవరు, ఎవరితో, ఏ కోపంలో అంటున్నారో రెండు మాటల్లో చెప్పి వేయండి. ఒకే పద్యం చాలు. అలాగే పెద్దవాళ్లకు ర్యాప్ వినిపించాలంటే సాహిత్యం పెద్ద అక్షరాల్లో కాగితం మీద అచ్చువేసి చేతికివ్వాలి. వేగానికి మాటలు అందకపోవడమే వాళ్ల అసలు ఇబ్బంది. కాగితం చూస్తూ రెండోసారి వింటే అంత్యప్రాసలు వాళ్లకే ముందు తడతాయి, శతకాలు కంఠస్థం చేసిన తరం కదా.

క్యాసెట్లో ఉన్నదాన్ని బయటికి తీయడం

హరికథ, పెళ్లి మేళం, ఊళ్లోవాళ్ల భజన లాంటివి క్యాసెట్లోనే మిగిలి ఉంటాయి. మన నెల్లూరు, ఒంగోలు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తేమ. ఈ పని ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోండి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టొద్దు. ఆ బూజు టేపును చదివే హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది. అలాంటివి విడిగా తీసిపెట్టి, చేయి తిరిగినవాళ్లకు ఇవ్వడమే మేలు. ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే మాత్రం క్యాసెట్ పెంకు వంగిపోతుంది.

మంచి క్యాసెట్‌ను ముందు ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి పూర్తిగా తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ప్లేయర్ హెడ్డును, రబ్బరు చక్రాన్ని దూదిపుల్లతో తుడవండి. హెడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. రబ్బరుకు తడిబట్ట చాలు. పాట మూసుకుపోయినట్టు వినిపిస్తే రెండు కారణాలు చూడాలి. ఒకటి, క్యాసెట్లో టేపు వెనక ఉండే చిన్న మెత్త ఊడిపోవడం. అప్పుడు స్క్రూలున్న పాత క్యాసెట్ పెంకులోకి టేపును మార్చాలి. రెండు, హెడ్డు వాలు. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూను పాట వింటూ కొద్దికొద్దిగా, పావు చుట్టుకు లోపే తిప్పితే తాళాల మోత ఎక్కడ బాగా తేటగా వినిపిస్తుందో అక్కడ ఆపాలి.

ల్యాప్‌టాప్‌కు ఉన్న ఒకే ఒక్క రంధ్రం ఇయర్‌ఫోన్లకు, వాటి మైకుకు కలిపి చేసింది. క్యాసెట్ ప్లేయర్ దాంట్లో గుచ్చితే పాట పగిలిపోతుంది, పైగా చాలావాటిలో ఒక పక్కే రికార్డవుతుంది. లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి దానికి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాంలో 44100 హెర్ట్జ్, స్టీరియో పెట్టి, గట్టిగా ఉన్న చోట కూడా శబ్దం చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా సర్దండి. సీ-60 అంటే పక్కకు అరగంట, సీ-90 అంటే ముప్పావుగంట. అంతసేపూ రికార్డు కావాల్సిందే, దగ్గరదారి లేదు. బుస్సుమనే శబ్దం తగ్గించడానికి పాటకు ముందున్న ఖాళీ చోటును నమూనాగా ఎంచుకుని 6 నుంచి 12 డెసిబెల్స్ వరకే తగ్గించండి. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గుడగుడలాడుతుంది. కాస్త బుస ఉంటేనే పాట బతికి ఉంటుంది. అసలు రికార్డింగును నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగా దాచి, కూర్పుకు మాత్రం ఎంపీ3 చేయండి.

78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు ఉంటే వాటికి మామూలు ఎల్పీ సూది పెట్టొద్దు. వాటి మీది గాడులు వెడల్పు, సూది వేరు.

అవ్వ పాట రికార్డు చేయడం

నాట్ల పాటలు, గొబ్బి పాటలు, జోలపాటలు ఏ యాప్‌లోనూ మన ఊరి వరసలో దొరకవు. ఫోనుతోనే తీయొచ్చు. ఫోను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘బ’ దగ్గర గాలి కొడుతుంది. ఫ్యాను ఆపాలి. మే నెలలో మధ్యాహ్నం పూట ఫ్యాను ఆపమనడం అన్యాయం కాబట్టి తెల్లవారి ఐదున్నరకు పెట్టుకోండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ముందుగా పేరు, ఊరు, ఏ పనిలో పాడేవారో ఆమె నోటితోనే చెప్పించండి. “మళ్లీ ఒకసారి పాడవ్వా” అని రెండోసారి కూడా తీయండి. గొంతు కుదురుకుని రెండోదే బాగా వస్తుంది. తాళం కోసం పక్కన దరువు వేయకండి. పాట ఆమె ఊపిరి లెక్కన నడుస్తుంది. నలుగురికీ పంపేముందు ఆమెను అడగండి.

శబ్దం సమం చేయడం, పెన్‌డ్రైవ్

పాత పాట నెమ్మదిగా, కొత్త పాట గట్టిగా ఉంటుంది. ఇప్పటి పాటల్ని మాస్టరింగులో, అంటే చివరి మెరుగు పెట్టేటప్పుడు, గట్టిగా వినిపించేలా నొక్కి తయారుచేస్తారు. భానుమతి తర్వాత ర్యాప్ రాగానే కారులో అందరూ ఉలిక్కిపడి, ఆ పాట మీదే కోపం పెంచుకుంటారు. ఎంపీ3గెయిన్ అనే ఉచిత ప్రోగ్రాంలో అన్ని పాటల్నీ దాని మామూలు అంకె 89 డెసిబెల్స్‌కు తేవాలి. ఒక్కో మెట్టు 1.5 డెసిబెల్స్, నాణ్యత పోదు. అయినా నకళ్ల మీదే చేయండి.

కూర్పుకు ఎంపీ3 నాణ్యత 192 కేబీపీఎస్ సరిపోతుంది. ఐదు నిమిషాల పాట 7.2 ఎంబీ వస్తుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్ కావలసినదానికన్నా ఎక్కువే. ఫార్మాట్ చేసేటప్పుడు ఫ్యాట్32 ఎంచుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే చాలా కారు స్టీరియోలు, బ్లూటూత్ స్పీకర్లు డ్రైవును గుర్తుపట్టవు. మీరు కట్టిన వరస చెడిపోయేది కూడా ఇక్కడే. కొన్ని సెట్లు పేరు వరసలో, కొన్ని కాపీ అయిన వరసలో పాడతాయి. అందుకని ఫైలు పేరు ముందు 01, 02 అని వేసి, ఖాళీ డ్రైవులోకి ఆ వరసలోనే ఒక్కొక్కటిగా కాపీ చేయండి. తెలుగు లిపి పేర్లు పాత సెట్లలో గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, తెలుగు వివరాలు కాగితం మీద ఇవ్వండి: అంకె, పల్లవి, పాడినవారు, రాసినవారు, సంగీతం, సంవత్సరం. నెట్‌లో ఎక్కించినవాళ్లు పాడినవారి పేరు తరచూ తప్పు రాస్తారు. సినిమా టైటిళ్లతోనో, క్యాసెట్ అట్టతోనో సరిచూసుకోండి.

వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. స్పీకర్లో మోగిస్తూ వాయిస్ మెసేజ్ చేస్తే పాట మిగలదు. పాటతోపాటు ఒక్క వాక్యం చాలు: “రెండో చరణానికి ముందు వేణువు విను” అన్నట్టు. “అద్భుతం, తప్పక వినండి” అంటే ఎవరూ తెరవరు. కొన్న పాటల్ని అందరికీ కనిపించేలా నెట్‌లో ఎక్కించొద్దు. త్యాగరాజ కృతి అందరిదే గానీ దాన్ని పాడిన రికార్డింగుకు హక్కులుంటాయి.

కూర్చుని వినేటప్పుడు

మిద్దె మీద సాయంత్రం ఏడున్నరకు మొదలుపెడితే పదిలోపు హాయిగా ముగుస్తుంది. ఆ తర్వాత స్పీకరు మోగితే పక్కింటివాళ్లతో మాట పడుతుంది. స్పీకరును నేలమీద కాకుండా స్టూలు మీద, చెవి ఎత్తున పెట్టండి. పక్కమనిషితో మామూలు గొంతుతో మాట్లాడగలిగేంత శబ్దం చాలు.

ఒక్కొక్కరు రెండేసి పాటలు తేవాలి: ఒకటి తనది, ఒకటి తన కాలానిది కానిది. ఆరుగురైతే పన్నెండు పాటలయ్యాయి. అన్నీ ముందురోజే చేతికి వస్తే వరస కట్టడానికి వీలుంటుంది. అప్పటికప్పుడు ఫోన్లు తీసి “నాది వెయ్యి, నాది వెయ్యి” అంటే చుట్టరికాలు తెగిపోతాయి. అందరికీ తెలిసినది మొదట, అందరికీ కొత్తది నాలుగో ఐదో స్థానంలో, అవ్వ పాట నడిమధ్యన. పాటకూ పాటకూ మధ్య పది సెకన్ల ఖాళీ వదలండి. పాట నడుస్తుండగా వివరం చెప్పొద్దు. నచ్చలేదన్నవాళ్లను ఒప్పించాలని చూడొద్దు. అదే పాటను రెండు నెలలు ఆగి వేరే పాట పక్కన పెట్టి వేయండి. ఎవరైనా “మళ్లీ వెయ్యి” అన్న పాట పక్కన కాగితం మీద టిక్కు పెట్టుకోండి. వచ్చే కూర్పు ఆ పాటతో మొదలుపెట్టొచ్చు.