రైల్‌యార్డ్స్ మీద మీ సందేహాలా? జవాబు వచ్చేలా లెటర్ ఇలా రాయండి

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఆమ్‌ట్రాక్ రైల్వే స్టేషన్ వెనక పాత ఇటుక షెడ్లు, వాటి చుట్టూ నేల, దాదాపు 240 ఎకరాలు, దాన్నే రైల్‌యార్డ్స్ అంటారు. 1860ల నుంచి సెంట్రల్ పసిఫిక్, ఆ తర్వాత సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీల వాళ్ళు ఇక్కడే ఇంజన్లు కట్టారు, రిపేర్లు చేశారు, రంగులేశారు, ఆ ఆయిలూ సాల్వెంట్లూ సీసమూ అంతా ఏళ్ళకేళ్ళు నేలలోకే ఇంకింది. ఇప్పుడు అక్కడ వేల ఇళ్ళు, స్టేడియం, హాస్పిటల్ ప్లాన్‌లో ఉన్నాయి, సిటీ కౌన్సిల్ 2007లో ఒకసారి, మార్పులతో 2016లో ఇంకోసారి ఓకే చేసింది. ఊరికి ఇళ్ళు కావాలి, నేను వద్దనట్లేదు. కానీ మన భయాలన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే ఉండిపోతున్నాయి, అది నాకు నిజంగా బాధగా ఉంది.

కాలిఫోర్నియాలో సీక్వా (CEQA) అనే పర్యావరణ చట్టం ఉంది. పెద్ద ప్రాజెక్ట్‌కి, లేదా దానిలో పెద్ద మార్పుకి, డ్రాఫ్ట్ ఈఐఆర్, అంటే పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదా, బయటపెడితే అభిప్రాయాలు రాయడానికి మామూలుగా 45 రోజులు టైమిస్తారు, ఆ లోపు పర్యావరణం గురించి మనం సిటీకి రాసిన ప్రతి పాయింటుకీ ఫైనల్ రిపోర్ట్‌లో రాతపూర్వకంగా జవాబివ్వాల్సిందే. రేపు ఎవరైనా కోర్టుకెళ్ళినా అప్రూవల్‌కి ముందు ఎవరో ఒకరు లేవనెత్తిన విషయాలే నిలబడతాయి, అందుకే రాయడం ముఖ్యం.

డాక్యుమెంట్లు సీక్వానెట్ (CEQAnet) అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, నేల శుభ్రం చేసే ఫైళ్ళు డీటీఎస్‌సీ, అంటే విషపదార్థాల్ని చూసుకునే రాష్ట్ర శాఖ, వాళ్ళ ఎన్విరోస్టోర్ (EnviroStor) వెబ్‌సైట్‌లో. అంతా చదవక్కర్లేదు, విషయసూచికలో హజార్డస్ మెటీరియల్స్ (ప్రమాదకర పదార్థాలు), ట్రాఫిక్, ఆల్టర్నేటివ్స్ (ప్రత్యామ్నాయాలు) చాప్టర్లు చూస్తే చాలు.

ఇక అసలు సంగతి. "కాలుష్యం గురించి ఆందోళనగా ఉంది" అని రాస్తే "కామెంట్ నోటెడ్" అని ఒక్క ముక్కతో వదిలేస్తారు, వేరే ప్రాజెక్ట్‌కి నేను రాసిన మొదటి లెటర్‌కి అదే అయింది. తప్పించుకోలేని ప్రశ్న అడగాలి, పేజీ నంబరు వేసి మరీ. మట్టి తవ్వే రోజుల్లో దుమ్ము కొలిచే మిషన్లు ఏ వీధి వైపు పెడతారు, ఎంత దాటితే పని ఆపుతారు, ఆపమని చెప్పే అధికారం ఎవరిది, లారీలు ఏ రూట్లో వెళ్తాయి, టార్పాలిన్ కప్పుతారా? అక్కడి సాల్వెంట్లు భూగర్భజలంతో పాటు డౌన్‌టౌన్ కిందకి కూడా పాకాయి, వాటి ఆవిరి బిల్డింగ్‌లోకి రాకుండా ఫ్లోర్ కింద అడ్డుపొర వేస్తారా, 20 ఏళ్ళ తర్వాత దాన్ని ఎవరు చెక్ చేస్తారు? ఇంకోటి మనవాళ్ళు తప్పకుండా అడగాలి: ఇలాంటి స్థలాలకి లాండ్ యూజ్ కవనెంట్ అని, నేలని దేనికి వాడొచ్చో దేనికి వాడకూడదో చెప్పే షరతులు పెడతారు, మరి ఆ ఇళ్ళ దగ్గర నేలలో కరివేపాకు, గోంగూర వేసుకోవచ్చా లేదా కుండీల్లోనేనా? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ నేల ఎంత శుభ్రం చేస్తారో దానికి జవాబులోనే తెలిసిపోతుంది.

అద్దెలు పెరుగుతాయి, పాతవాళ్ళు వెళ్ళిపోవాల్సొస్తుంది అన్న భయం న్యాయమైనదే, కానీ దాన్ని ఈఐఆర్ లెటర్లో పెడితే అది పర్యావరణ విషయం కాదని పక్కన పెడతారు, కాబట్టి దాన్ని కౌన్సిల్ మీటింగ్‌కి తీసుకెళ్ళండి. రెగ్యులర్ మీటింగ్ అజెండా కనీసం 72 గంటల ముందే పెడతారు. మాట్లాడ్డానికి పేరు చెప్పి తీరాలనేం లేదు, రెండు మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి ఒక్క ప్రశ్నే తీసుకుని అచ్చంగా చదివేయండి, ఇంగ్లీష్ తప్పులు పోతే పోనీ.

లెటర్ ఆఖరి రోజు దాకా ఆపొద్దు, నోటీసులో సాయంత్రం ఎన్నింటిదాకో టైం కూడా ఉంటుంది. పంపాక అందిందని రిప్లై తెప్పించుకుని దాచుకోండి, ఫైనల్ ఈఐఆర్ వచ్చాక మీ లెటర్‌కి వేసిన నంబరు వెతికి జవాబు మీ ప్రశ్నకేనా కాదా చూడండి, కాకపోతే అదే ప్రశ్న కౌన్సిల్ ఓటు వేసే రోజు మళ్ళీ అడగండి.