హాట్ యోగా: వేడి గదిలో ఒళ్లు చెప్పేది పూర్తిగా నమ్మకండి

మామూలుగా ముందుకు వంగితే పిక్కల దగ్గరే ఆగిపోయే చేతులు వేడి గదిలో కాసేపటికే చీలమండలదాకా వెళ్లిపోతాయి. సంబరపడకండి, జాగ్రత్తపడాల్సింది అప్పుడే. వేడికి కండరాలు మెత్తబడతాయి, దాంతోపాటు లాగుతున్న నొప్పి కూడా తక్కువగా తెలుస్తుంది, అందుకే చాలామంది క్లాసులో హాయిగా చేసేసి మర్నాడు కుంటుతారు. మామూలు గదిలో ఎంత వంగగలరో అంతే వంగండి. తొడ వెనక మధ్యభాగంలో లాగితే పర్వాలేదు. మోకాలి వెనకో, పిరుదు కింద ఎముక దగ్గరో సూదిలా గుచ్చుకుంటుంటే మాత్రం వెంటనే మోకాలు కొంచెం మడిచేయండి.

హాట్ యోగాలో ఒక రకమైన బిక్రమ్ పద్ధతి క్లాసంటే దాదాపు 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమ, 90 నిమిషాలు, 26 ఆసనాలు. కొత్తవాళ్లకి ఇది ఎక్కువే. మొదట తక్కువ వేడి ఉన్న చిన్న క్లాసు చూసుకోండి, ఒళ్లు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, తేమ ఎక్కువున్న గదిలో అది సరిగా ఆరదు, ఊరికే కారిపోతుంది, కాబట్టి చెమట ధారగా కారుతోందంటే కొవ్వు కరిగిపోతోందని కాదు.

క్లాసుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే పోయింది దాదాపు లీటరు నీళ్లే, లీటరుంపావుకి తక్కువ కాకుండా మెల్లగా, గంటలమీద తాగండి. బాగా చెమట పట్టేవాళ్లు ఉత్త నీళ్లు గటగటా తాగేస్తే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవచ్చు, ఓఆర్ఎస్ లాంటిది మేలు. కడుపునిండా తిని రెండు గంటలైనా కాకుండా వెళ్లకండి.

గర్భిణులు, గుండెజబ్బు, లో బీపీ ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు, ఇదివరకు వడదెబ్బ తగిలినవాళ్లు డాక్టరు సరేనంటేనే వెళ్లాలి.

తల తిరిగినా, వికారంగా ఉన్నా, ఆ వేడిలోనూ ఒళ్లు జలదరించినా ముందు కూర్చోండి, తర్వాత నెమ్మదిగా బయటికి వచ్చేయండి. క్లాసయ్యేదాకా గది వదలకూడదనే టీచర్లు కొందరున్నారు, ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినక్కర్లేదు. పక్కవాళ్లు తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు: చల్లటి చోటికి తీసుకెళ్లి ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ అంబులెన్సుకి ఫోన్ చేయండి.